తల ‘స’లో, పాట ‘రి’లో

క్రితం ఉగాదికి ఇంగ్లండులో, మా బేసింగ్‌స్టోక్ కమ్యూనిటీ హాల్లో పులిహోర వరుసలో నిలబడి ఉండగా, నా ముందున్న హర్షిత అనే అమ్మాయి వెనక్కి తిరిగింది.

“అంకుల్, మీది టేప్స్ బిజినెస్ అంట కదా? మమ్మీ చెప్పింది.”

“బిజినెస్ కాదమ్మా. టేపులు వినేవాణ్ణి.”

“విని?”

“ఎక్కువసార్లు, విని ఊరుకునేవాణ్ణి.”

ఆ పిల్ల నవ్వి, ఇక్కడ పుట్టిన పిల్లల పద్ధతిలో సగం ఇంగ్లీషులోకి దిగి అసలు సంగతి చెప్పింది. పాత రికార్డింగులు బాగుచేసే ఒకచోట ఉద్యోగంలో చేరబోతోందట. ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ గురించే అడిగారట. “కానీ అంకుల్, యాక్చువల్‌గా ఆ జాబ్ ఏంటి?”

వెనకనుంచి ఒకాయన, “ఇంకా టైముంది తల్లీ, డేటాలోకి మారిపో,” అన్నాడు. వరుసంతా నవ్వింది. నా చేతిలో కాగితం పళ్లెం వంగిపోతోంది. ఆ పరిస్థితుల్లో జవాబు చెప్పలేకపోయాను. ఇదే ఆ జవాబు. ఆలస్యమైంది, కానీ నా వృత్తిలో ఏదీ సమయానికి రాలేదు. అన్నీ నలభై ఏళ్లు ఆలస్యంగానే వచ్చాయి.

ఏ కంపెనీ?

మనవాళ్లందరూ ఐటీలో ఉన్న ఊళ్లో నేనొక్కణ్ణే వేరే పనిలో ఉండటం వల్ల చాలా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చేది. “మీ క్లయింట్లు ఎవరండీ?” అని అడిగితే, “ఎక్కువమంది పోయారండీ,” అనేవాణ్ణి. అడిగినవాళ్లు నొచ్చుకుని సంతాపం తెలిపేవారు.

పాత పాటల అసలు టేపులు వెతికి తెప్పించి, బాగుచేసి, మళ్లీ రికార్డులుగా వేసే చిన్న కంపెనీ మాది. ఊరి చివర ఒక షెడ్డు. ఒకపక్క టైర్ల షాపు, ఇంకోపక్క కప్పులూ షీల్డుల మీద పేర్లు చెక్కే దుకాణం. ఇంటినుంచి అక్కడికి వెళ్లాలంటే రౌండబౌట్ తర్వాత రౌండబౌట్. దారిలో నేను తిరిగేవాణ్ణి, గదిలో రీళ్లు తిరిగేవి. అందుకే కాబోలు, ఎక్కడికీ చేరలేదు.

ఈ పనికి నా అర్హత ఏమిటో కూడా చెప్పాలి. గుంటూరులో మా ఇంటి గోడ పక్కనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. రాత్రీ పగలూ గుయ్‌మంటూ ఒకటే స్వరం. మా అమ్మ నన్ను సంగీతానికి పంపింది. మేష్టారు కొన్నాళ్లు ఓపికపట్టి, “అమ్మా, వీడికి చెవి ఉంది, గొంతు లేదు,” అని ఫీజుతో సహా వెనక్కి పంపించారు. తర్వాత నా సాధనకి శ్రుతి ఇచ్చింది ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. అదీ ఒకరోజు పేలిపోయింది. మా ఆవిడ పేరు సరళ. ఇంట్లో సరళ ఉంది గానీ నాకు సరళీ స్వరాలు కూడా రాలేదు.

అప్పటిదే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. మా ఇంట్లో టేప్‌రికార్డర్‌కి లోపల బెల్టు సాగిపోయింది. టేపు నెమ్మదిగా నడిచేది. అమ్మకి ఇష్టమైన గాయకుడు మా ఇంట్లో ఎప్పుడూ జలుబు చేసినట్టే పాడేవాడు. ఒకరోజు అదే పాట రేడియోలో సరైన వేగంతో వచ్చింది. అమ్మ చెవి ఒగ్గి విని, “ఎవడో పాపం, ఆయనలాగా పాడాలని చూస్తున్నాడురా,” అంది.

చెయ్యి, చెవి

నాకు పని నేర్పింది డెరిక్ అనే పెద్దాయన. ఎనభైల నాటి టేపుల్లో జిగురు తేమ పీల్చుకుంటుంది. అలాగే యంత్రం మీద పెడితే పాట ఉన్న గోధుమరంగు పూత ఊడి చేతికి వస్తుంది. అందుకని ముందు వాటిని సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెట్టాలి. “ఇంట్లో ఒక్క అప్పడం కాల్చరు, ఆఫీసులో టేపులు కాలుస్తారట,” అని సరళ డాక్టరుగారి క్లినిక్‌లో అందరికీ చెప్పింది. ఆవిడ అక్కడ రిసెప్షన్లో పనిచేసేది కాబట్టి ఆ మాట ఊరంతా పాకింది.

ఆరబెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. డెరిక్ నేర్పింది వేరే. ఆయన కుర్రతనంలో ఒక పియానో టేపుని శుభ్రం చేశాడట. కింద టక్కు టక్కుమని ఏదో చప్పుడు ఉంటే ఒక్కొక్కటే ఏరిపారేసి గర్వంగా వాయించినాయనకి వినిపించాడు. ఆయన చివరిదాకా విని, “చాలా బాగుంది. నా ఎడమకాలు ఏమైంది?” అన్నాడట. ఆ చప్పుడు ఆయన కాలితో వేసుకున్న తాళం. అది పోయాక పియానో గాల్లో తేలింది. తిరిగి పెట్టడానికి లేకుండా డెరిక్ అసలు టేపు మీదే కోశాడు.

ఈ కథ ఆయన ప్రతి కొత్తవాడికీ చెప్పేవాడు. చివర ఏదో ఇంగ్లీషు మాట అనేవాడు. నేను దాన్ని నాకోసం ఇలా మార్చుకున్నాను: చెయ్యి పెట్టేముందు చెవి పెట్టు.

హర్షితా, నీకు ఇవ్వబోయే సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంటుంది. నొక్కితే గుయ్‌మనేది, చిటపటలాడేది అన్నీ క్షణంలో పోతాయి. అది మంచి బటనే. నేనూ నొక్కాను. కానీ దానికి చెయ్యి ఉంది, చెవి లేదు. నొక్కేముందు ఆ చప్పుడుకి ఏం తెలుసో అడుగు. ఎందుకు అడగాలో చెప్పడానికే మిగతా కథ.

ఒక వేసవి పాటలు

డెరిక్ రిటైరయ్యాక నా మీద బాసుగా నైజెల్ వచ్చాడు. మంచివాడు. ప్రపంచం మరిచిపోయిన పాటని మట్టిలోంచి తవ్వి తీయడంలో అతనికి సాటిలేదు. తీశాక మాత్రం వినేవాడు కాదు, చూసేవాడు. కంప్యూటర్ తెరమీద గీతలు చూసి, “ఇక్కడ మురికిగా ఉంది,” అనేవాడు. పాటలు అతనికి కళ్లతో వినిపించేవి.

ఎనభైల్లో ఆస్ట్రేలియాలో హిట్టయి, ఆ తర్వాత అందరూ మరిచిపోయిన పాప్, రాక్ పాటలతో ఒక సంకలనం వేద్దామన్నది అతని ఆలోచనే. నేను మొదట్లో చిన్నచూపు చూశాను. గోడకేసి తలుపు కొట్టినట్టుండే డ్రమ్ములు, పిలవని పేరంటానికి వచ్చినట్టు మధ్యలో దూరే సాక్సోఫోను, బావిలోంచి పాడినట్టు ప్రతిధ్వని. కొన్ని నెలలు విన్నాక అభిప్రాయం మార్చుకున్నాను. అక్కడ డిసెంబరు అంటే వేసవి. సముద్రం, కారు కిటికీలోంచి బయటపెట్టిన మోచెయ్యి, రేడియో. ఆ ఒక్క వేసవికి ఆ పాట దేశమంతా మోగుతుంది. సముద్రం దాటేలోపు సెలవులు అయిపోతాయి. ప్రపంచానికి తెలిసినవి ఏవో కొన్ని దాటాయి. దాటనివి తక్కువవేమీ కావు. ఎగురుతున్న పాట, దానిలోపల కదలకుండా కూర్చున్న మనిషి. అంత పెద్ద దేశంలో, అంత పొడుగు రోడ్లమీద ఒంటరితనాన్ని వాళ్లు డాన్సు చేయడానికి వీలుగా పాడారు. అది చిన్న విద్య కాదు.

వాటిలో అడిలైడ్ కుర్రాళ్ల బృందం పాట ఒకటి. హైవే మీద పెట్రోలు బంకు దగ్గర ఒకమ్మాయి కోసం ఎదురుచూడటం దాని విషయం. పాడినవాడి గొంతు సన్నగా, మీసం రాని పిల్లాడిలా ఉంటుంది. ఆ తర్వాత ఆ బృందం నుంచి ఇంకో పాట రాలేదు. పాడినాయన పేరు గ్రెగ్. ఎడిన్‌బర్గ్ అమ్మాయిని పెళ్లాడి, ఆ ఊళ్లోనే ఏళ్ల తరబడి సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. నైజెల్ అనుమతి కోసం రాస్తే ఆయన కూతురు టెస్ జవాబిచ్చింది: టేపు మొదటిసారి వినేటప్పుడు మేమూ ఉండొచ్చా?

అది నేను కాదు

ఇద్దరూ రైల్లో వచ్చారు. గ్రెగ్ భారీ మనిషి, మెడకి రుమాలు. చెయ్యి కలిపి, జేబులోంచి చిన్న టార్చిలైటులాంటి పరికరం తీసి గొంతుకి ఆనించాడు. గుయ్‌మంటూ మాట వచ్చింది. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారట. ఆ పరికరం మోగుతుంటే పెదవులతో మాటలు చేస్తాడు. ఎత్తూ పల్లం లేని ఒకే స్వరం.

“భయపడకు. లోపల తేనెటీగ లేదు,” అన్నాడు.

నా నోటికి అదుపు తక్కువ. “మీరు అస్సలు శ్రుతి తప్పడం లేదు,” అనేశాను. అని, నాలుక కరుచుకున్నాను.

ఆయన భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు. “ఆ మాట ఒకడు అనడానికి ఇన్నేళ్లు పట్టింది,” అన్నాడు.

టీ పెడతానన్న వంకతో టెస్ నా వెంట వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“మీకో మాట చెప్పాలి. సెలవులకి అడిలైడ్ వెళ్లినప్పుడు రేడియోలో ఈ పాట వస్తే డాడ్ ఎప్పుడూ ఆపేసేవాడు. ‘అది నేను కాదు’ అనేవాడు. మేం జోకనుకున్నాం. నిజంగా వేరేవాడు పాడి ఉంటే నాకు చెప్పండి. ఆయన ముందు మాత్రం వద్దు.”

“ఎందుకలా అనుకుంటున్నారు?”

“నాకు గుర్తున్న గొంతు అది కాదు కాబట్టి.” కప్పులు వరుసగా పెట్టింది. “ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసుకోవాలని మాకెవరికీ తట్టలేదు. ఫోన్లో మెసేజీలు ఫోనుతోనే పోయాయి. ఉన్నది బీచిలో తీసిన వీడియో. గాలి హోరులో ‘నవ్వండి’ అన్న ఒక్క మాట. నాకు పాట అక్కర్లేదు. ఆయన గొంతు కావాలి. ఈ టేపులో లేకపోతే ఇంకెక్కడా లేదు.”

గదిలోకి వచ్చాక గ్రెగ్ తన వైపు కథ చెప్పాడు. గుయ్‌మనే ఆ ఒకే స్వరంలో విషాదం కూడా రైలు అనౌన్స్‌మెంటులా వినిపిస్తుంది. పాట పాడేసి ఇంటికి వెళ్లిపోయారు. మిగతాది ప్రొడ్యూసర్ చూసుకున్నాడు. కొన్ని వారాల తర్వాత స్నేహితుడి ట్రక్కులో రేడియో పెడితే ఎవడో పిల్లాడు తన పాట పాడుతున్నాడు.

“ఏదో చేశారు. ఏం చేశారో ఎవడూ చెప్పలేదు. స్టేజి మీద నా గొంతుతో పాడితే జనం అరిచేవారు.”

“ఏమని?”

“‘అసలువాణ్ణి పిలవండి’ అని.”

చలికాలం వచ్చేసరికి బృందం విడిపోయిందట.

కరెంటు తంబురా

ముందే ఆరబెట్టి ఉంచిన టేపుని యంత్రానికి ఎక్కించాను. నైజెల్ తలుపు దగ్గర నిలబడి తెర చూస్తున్నాడు.

“మొదట్లో ఆ గుయ్‌మనేది తీసెయ్. వన్ టూ అని లెక్కపెట్టేది కూడా కోసెయ్. పాట మొదలయ్యే చోటినుంచి చాలు.”

మా పనిలో అది మామూలే. పాటకి ముందుండే మాటల్ని తల అంటాం, తర్వాత మిగిలేదాన్ని తోక అంటాం. రెండూ కోసేస్తాం. జీవితమంతా తలాతోకా లేని పని చేశానని మా బావమరిది అంటాడు, కాదనలేను.

“ఒక్కసారి విని కోస్తాను,” అన్నాను.

మొదట గిటార్ యాంప్లిఫయర్ చేసే కరెంటు రొద. తర్వాత ఎవడో పిల్లాడు గబగబా ఏదో అన్నాడు. వన్ టూ త్రీ ఫోర్. పాట.

టెస్ ముఖంలో దీపం ఆరిపోయింది. “ఆయన కాదు,” అంది మెల్లగా. గ్రెగ్ తల ఊపాడు. చెప్పాను కదా అన్నట్టు.

నాకు మాత్రం పాట వినపడటం లేదు. ఆ రొదే వినపడుతోంది. అందులో ఏదో తేడా ఉంది. మా గదిలో పాత పవర్ సప్లై పెట్టె ఒకటి ఎప్పుడూ గుయ్‌మంటూ ఉంటుంది. బాగుచేయించమని నైజెల్, చేయిస్తానని నేను, ఏళ్లుగా అనుకుంటున్నాం. టేపులోని గుయ్, గదిలోని గుయ్ కలిసినచోట గాలి ఊగుతోంది. రెండు తీగలు సరిగ్గా కలవని తంబురా ఊగినట్టు.

ఇండియా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు. ఈ మూడు దేశాల్లోనూ కరెంటు సెకనుకి యాభైసార్లే ఊగుతుంది. గుంటూరు ట్రాన్స్‌ఫార్మరూ, అడిలైడ్ యాంప్లిఫయరూ, బేసింగ్‌స్టోక్‌లోని మా పెట్టె కూడా ఒకే శ్రుతిలో పాడాలి. ఈ టేపులో అది కొంచెం పైకుంది. కరెంటు శ్రుతి తప్పదు. తప్పిందంటే టేపుని ఎవరో వేగం పెంచి కాపీ చేశారన్నమాట. రేడియోకి చురుకైన పాటలు కావాలి. ఆ ప్రొడ్యూసర్ మర చిటికెడు తిప్పాడు. పాట చురుకైంది, మనిషి పిల్లాడైపోయాడు. శ్రుతి మించి రాగాన పడటం అంటారే, అక్షరాలా అదే జరిగింది.

నేను వేగం తగ్గించుకుంటూ వచ్చాను. ఊగడం నెమ్మదించింది. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగిపోయింది. రెండు రొదలూ ఒకటైపోయాయి.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు నైజెల్.

“తంబురా కలుపుతున్నాను.”

టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. రొద. తర్వాత ఒక మగవాడి గొంతు, బరువుగా, నిదానంగా, నవ్వు ఆపుకుంటూ, గదిలోనే ఉన్నట్టు:

“కెటిల్ పెట్టండర్రా. ఇదొక్కటీ అయిపోగానే వస్తా.”

టెస్ లేచి నిలబడింది. పక్కకి తిరిగి రెండడుగులు వేసింది. అప్పుడు తెలిసింది తను ఎక్కడుందో. అది వంటగది కాదు, ఎడిన్‌బర్గ్ కాదు. బస్సు డిపో నుంచి ఫోన్ చేసి ఆయన రోజూ అనే మాట అదేనట. ఆ మాట వినగానే లేచి టీకి కెటిల్ పెట్టడం చిన్నప్పటి నుంచి తన పని. కాళ్లకి గుర్తుంది.

“డాడ్,” అంది. అంతే.

పాట నడుస్తోంది. గ్రెగ్ చేతిలోని పరికరం మెల్లగా బల్లమీద పెట్టాడు. పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాట తప్పకుండా. గొంతు స్పీకర్లలోంచి వస్తోంది. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను, నైజెల్ అలవాటు నాకు ఆరోజు పనికొచ్చింది.

తల కోయొద్దు

తర్వాత నైజెల్ అడగాల్సింది అడిగాడు. అతన్ని నేను తప్పుపట్టను.

“ఇదే నిజం, ఒప్పుకుంటాను. కానీ ఈ సంకలనం కొనేవాళ్లకి గుర్తున్నది ఇది కాదు. వాళ్లు వాళ్ల వేసవిని కొనుక్కుంటున్నారు. ఇది పెడితే పాడు చేశారంటారు.”

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. శ్రుతి ఒకటి, స్మృతి ఒకటి. రెంటికీ తేడా వస్తే శ్రుతినే నమ్మమన్నారు పెద్దలు. పెద్దలకి రికార్డులు అమ్మే పని లేదు. నేను వాదిద్దామని నోరు తెరిచేలోపు గ్రెగ్ పరికరం అందుకున్నాడు.

“అతను చెప్పింది నిజం. వాళ్ల పాట వాళ్లకే ఉంచండి. మనమెవరం లాక్కోవడానికి?”

“డాడ్! అది నీ గొంతు. స్టేజి మీద నిన్ను నకిలీవాడన్నారు.”

“నా పాట నీకు ఇస్తారు. పూర్తిగా, ఈ వేగంలోనే. బయటికి వెళ్లేదానికి ఒక్కటే షరతు.” నా వైపు తిరిగాడు. “తల కోయొద్దు. తల నా వేగంలో ఉండాలి. పాట వాళ్ల వేగంలో.”

వృత్తిధర్మం అడ్డొచ్చింది. “అలా కుదరదండీ. తలకీ పాటకీ పొసగదు. అతుకు తెలిసిపోతుంది.”

“నాకూ ఆ పాటకీ ఎప్పుడు పొసగింది? తెలియనీ.”

అలాగే చేశాను. ‘ఫోర్’కీ మొదటి డ్రమ్ము దెబ్బకీ మధ్య వెంట్రుకవాసి చోటు. అక్కడ ఒక పెద్ద మనిషి ఆగిపోతాడు, ఒక కుర్రాడు మొదలవుతాడు. అతుకుని నున్నగా చేసే విద్య నాకు వచ్చు. వాడలేదు. గుయ్‌మనే రొదని కూడా ఉంచాను. సాక్షిని బయటికి గెంటి తీర్పు చెప్పకూడదు.

సరి

సంకలనం బయటికి వచ్చాక ఎవరో కొన్నాయన ఘాటుగా ఈమెయిల్ పెట్టాడు. ఈ పాటకి ముందు మాటలు ఒక శ్రుతిలో, పాట ఇంకో శ్రుతిలో ఉన్నాయనీ, ఈ పని చేసినవాడు తక్షణం డాక్టరు దగ్గరికి వెళ్లి చెవులు చూపించుకోవాలనీ. నా ఉద్యోగ జీవితంలో నా పనిని అంత శ్రద్ధగా విన్నవాడు ఆయనొక్కడే. ప్రింటు తీసి ఉంచుకున్నాను.

నైజెల్ అది పట్టుకుని నా గదికి వచ్చాడు. “మళ్లీ వేసేటప్పుడు దీన్ని సరిచేద్దామా?”

హర్షితా, ఇది నీకు మీ సంగీతం టీచరు చెప్పే ఉంటుంది. ఆధారమైన స్వరం ‘స’. దానికి ఒక్క మెట్టు పైన, ఆనుకుని ఉండేది మొదటి ‘రి’. ఆ ప్రొడ్యూసర్ పెంచిన వేగం సరిగ్గా అంతే. గ్రెగ్ నిలబడ్డ చోటు స. లోకం గుర్తుపెట్టుకున్న చోటు రి. ఒక మెట్టు తేడాకి ఒక మనిషి జీవితమంతా ‘అది నేను కాదు’ అంటూ బతికాడు. ఇప్పుడు తల స, పాట రి.

“అక్కర్లేదు నైజెల్, సరిగానే ఉంది,” అన్నాను.

అతనికి అర్థంకాలేదు. ఇంగ్లీషులో ఆ మాటకి అంత చోటు లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లి సరళకి చెప్పాను. స, రి, కలిపితే సరి అని వేళ్లతో చూపించి మరీ. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా నా శ్లేషలు వింటున్న మనిషి. నవ్వలేదు.

“ఆయన కూతురు ఏమంటోంది?” అంది.

“రోజూ సాయంత్రం ఆ తల ఒక్కటే పెట్టుకుంటుందట. పాట దాకా వెళ్లదట.”

 సరళ “సరి సరి,” అంటూ లేచి వెళ్లి కెటిల్ పెట్టింది.